ఎడమచేతి తీగ

మా ఆఫీసు పేరు పాత ఇళ్ళ రక్షణ కమిటీ. పాత ఇళ్ళని ఎవరి నుంచి రక్షిస్తామో నేను చేరిన పదకొండేళ్ళలో ఎవరూ అడగలేదు. వాటిలో కాపురం ఉండేవాళ్ళ నుంచేమోనని నా అనుమానం. నేనక్కడ గుమస్తాని. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని మొదట్లో బోర్డులు రాయడానికి పిలిచారు. ఏం రాయాలో చెప్పే నాథుడు లేకపోవడంతో మెల్లగా ఆ పనీ నా నెత్తినే పడింది. అలా నేను చరిత్రకారుణ్ణయ్యాను.

పాత వీధి మూడో మలుపులో ఉన్న మేడ చరిత్ర కూడా నేను రాసిందే. దాన్నొక ధాన్యం వ్యాపారి కట్టించాడు. ఈ ఒక్కటీ నిజం, ఎందుకంటే గుమ్మం మీద త్రాసు బొమ్మ, పక్కన గింజల రాశి చెక్కి ఉన్నాయి. తరవాత ఆ ఇల్లు బడి అయింది, అచ్చాఫీసు అయింది, కొన్నాళ్ళు పరుపుల గోదాము అయింది. ఆఖరికి ముగ్గురు అన్నదమ్ములు మధ్యలో గోడలు లేపుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా బతికి, ఇల్లమ్మేసి తలో దిక్కూ పోయారు. ఇవేవీ చరిత్ర కిందికి రావని పైవాళ్ళన్నారు. అందుకని వెనక వీధిలో నూనె వ్యాపారి ఇంటికి రాసిన చరిత్రే తీసుకుని, నూనె అన్నచోటల్లా ధాన్యం అని మార్చాను. ఒకచోట చెయ్యి జారింది. మా పుస్తకం తొమ్మిదో పేజీలో ఆ పెద్దమనిషి ధాన్యాన్ని గానుగలో ఆడించి పీపాల్లో పోయించేవాడు. ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు.

ఇల్లు ఎప్పటిదో తెలీదు. వందేళ్ళని రాస్తే మరీ నీరసంగా కనిపించింది. రెండు వందలేళ్ళని రాశాను.

మా కమిటీలో నిపుణుడొకాయన ఉన్నారు. మెడలో తాడుకి భూతద్దం వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఆయన లేనప్పుడు అందరం భూతద్దం గారనే అంటాం. నేను ఏ కాగితం పెట్టినా సంతకం చేస్తారు, చదవరు. చదివితే కళ్ళు పాడవుతాయట, గోడలు చూడటానికి కావాలట. ఆయన రూలు ఒక్కటే. వందేళ్ళు దాటినదానికి పచ్చ గుర్తు, అది ఉంటుంది. దాటనిదానికి ఎర్ర గుర్తు, దాన్ని సాయంత్రానికల్లా గీకేస్తారు. ఆ మేడలో మరుగుదొడ్డికి ఎర్ర గుర్తు పడింది. నీళ్ళ గొట్టాలకి పడింది. ముసలివాళ్ళు పడిపోకుండా మెట్ల పక్కన బిగించిన కమ్మీకి పడింది. వాన లోపలికి రాకుండా ఆపుతున్న రేకులకీ పడింది. రేకులు తీశాక కురిసిన వానకి పై గది గోడ మీద మరక కట్టింది. దాన్ని పాత మరక అనుకుని పచ్చ గుర్తు వేశారు.

గోడలకి సిమెంటు తగలకూడదని ఇంకో రూలు. మేడ మరమ్మతు ఒప్పుకున్న కాంట్రాక్టరుకి సిమెంటు తప్ప ఇంకోటి తెలీదు. సున్నం నానబెట్టడం, నూరడం వచ్చినవాళ్ళు ఊళ్ళో ఎవరైనా మిగిలారా అని నన్నడిగాడు. మా పెద్దమ్మ ఉందన్నాను. మా అమ్మకి అక్క, డెబ్భై రెండేళ్ళు. మా పెద్దనాన్న గోడల మీద నగిషీలు తీర్చే గార మేస్త్రీ, బాగా పేరున్నవాడు. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆవిడ ఆయన వెనక సున్నం నూరింది. ఆయన పోయాక పని కూడా ఆయనతోనే పోయిందనుకున్నారంతా. పదహారేళ్ళుగా కూతురింటి వెనక గదిలో కూర్చుని, టీవీలో కనిపించే కొత్త ఇళ్ళ గోడల్ని తిడుతూ కాలక్షేపం చేస్తోంది.

"కూలీ కింద రాసుకుంటానండీ. మేస్త్రీ కింద రాయాలంటే సర్టిఫికెట్ కావాలి" అన్నాడు కాంట్రాక్టరు.

"ఎవరిస్తారు?"

"మీ కమిటీయే."

"మా కమిటీలో సున్నం పని ఎవరికొచ్చు?"

"అది నన్నడిగితే ఎలాగండీ" అన్నాడు.

మొదటి రోజు పెద్దమ్మ గడప దాటి ముందు హాల్లోకొచ్చి, పడమటి గోడ చూసి ఆగిపోయింది. ఆ గోడ మీద గారతో చేసిన తీగ ఒకటుంది. నేలకి జానెడు ఎత్తున మొదలై, కిటికీ చుట్టూ తిరిగి, దూలం దాకా పాకుతుంది. ఆకులన్నీ మామూలుగా వాలే వైపు కాకుండా రెండో వైపుకి వాలి ఉంటాయి. పెద్దమ్మ ఎంతసేపటికీ కదలకపోతే మోకాళ్ళ నొప్పేమో అనుకున్నాను.

"ఉందే ఇంకా" అంది. వెళ్ళి సున్నం తొట్టి దగ్గర కూర్చుంది.

ఆ వారంలోనే భూతద్దం గారు హాల్లో నేల మీద బోర్లా పడుకుని, తీగ మొదట్లో ఉన్న కింది ఆకు అడుగున ఒక వేలిముద్ర కనిపెట్టారు. వెడల్పాటి బొటనవేలు, దానికి అడ్డంగా ఏటవాలు గాటు. ఆకుల వాలు చూసి, ముద్ర చూసి, ఇది ఎడమచేతివాటం గల ఒక మహాశిల్పి పని అని తేల్చారు. ఆ గాటు ఏ యుద్ధంలోనో తగిలిన కత్తి దెబ్బ అయి ఉండవచ్చన్నారు. వాక్యం పొడుగైపోతోందని నేను "అయి ఉండవచ్చు" తీసేసి పుస్తకంలో ఎక్కించాను.

తీగ వయసు పరీక్ష చేయించాలంటే ముక్క విరగ్గొట్టాలి. విరగ్గొట్టడానికి రూలొప్పుకోదు. ఇల్లమ్మిన అన్నదమ్ములకి ఉత్తరాలు రాస్తే, ఒకరు చెప్పింది ఇంకొకరు కాదన్నారు. చివరికి భూతద్దం గారు నా పుస్తకం చూపించమన్నారు. ఇల్లు రెండు వందలేళ్ళదని ఉంది కాబట్టి తీగా అప్పటిదేనని రిపోర్టు రాశారు. నేను రెండో ముద్రణలో, ఇల్లు రెండు వందలేళ్ళదని నిపుణుల రిపోర్టు ధ్రువీకరించింది అని వేశాను. ఇద్దరం ఒకరి భుజాల మీద ఒకరం ఎక్కి కూర్చున్నాం. నేల మీద కాళ్ళున్నది ఎవరికో చూసుకోలేదు.

వేలిముద్రని ఫొటో తీసి తలుపంత పోస్టరు చేయించి హాల్లో వేలాడదీశారు. చూడటానికొచ్చినవాళ్ళు దాని ముందు చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. మనిషన్నవాడికెవడికైనా బొటనవేలు ఉంటుందన్న సంగతి అప్పుడే తెలిసినట్టు చూసేవాళ్ళు.

కూలీల హాజరు చూసే మనిషి సెలవు పెట్టడంతో రెండు రోజులు ఆ పని నాకు తగిలించారు. పెద్దమ్మకి రాత వచ్చు. పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి తిడుతుంది. కానీ కూలీల హాజరు పుస్తకంలో సంతకానికి గడి లేదు, వేలిముద్రకే ఉంది. ఆవిడ సిరా దిండు మీద ఎడమ బొటనవేలు అద్ది, గడిలో నొక్కి, చెయ్యి తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ముద్ర ఆరాలని కాగితం ఎత్తి ఊదాను. ఏటవాలు గాటు. తలెత్తితే ఎదురుగా పోస్టరు. మళ్ళీ కాగితం చూశాను.

మధ్యాహ్నం పని ఆపినప్పుడు తొట్టి దగ్గరికెళ్ళాను.

"పెద్దమ్మా, ఆ తీగ..."

"ఇన్నాళ్ళకి తెరిచావా కళ్ళు" అంది.

సున్నం కలుపుతూనే చెప్పింది. "అప్పటికి నాకు ముప్ఫయ్యేళ్ళు. పని ఒప్పుకున్న మూడో రోజు మీ పెద్దనాన్న పరంజా మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఇంటివాళ్ళమ్మాయి పెళ్ళి దగ్గర పడింది. చెయ్యి విరిగిందని తెలిస్తే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. అందుకని తువ్వాలు కప్పుకుని కింద కూర్చునేవాడు. ఇంటివాళ్ళు మధ్యాహ్నం కునుకు తీయగానే నేను పరంజా ఎక్కేదాన్ని. వాళ్ళు లేచే టైముకి దిగొచ్చి ఇదిగో, ఇలా తొట్టి దగ్గర కూర్చునేదాన్ని. పదిహేడు మధ్యాహ్నాలు పట్టింది."

"పెద్దనాన్న ఏమీ అనలేదా?"

"ఎందుకనడు. ఆకులు అటు వాలుతున్నాయేంటన్నాడు. ఎడంచేత్తో వేస్తే అటే వాలతాయన్నా. ఆ తరవాత పదేళ్ళు ఆ తీగ చూపించే పనులు తెచ్చుకున్నాడు. నేను చేశానని ఒక్కడికి చెప్తే ఒట్టు. పోయేముందు మాత్రం నన్ను దగ్గరికి పిలిచి, నా పనిలో అదొక్కటే బాగుంది అన్నాడు." ఆవిడ చెయ్యాపింది. "నా పనిలో అన్నాడు చూడు."

వేలిముద్ర సంగతి అడిగాను.

"సున్నం ఆరిందో లేదో బొటనవేలితో నొక్కి చూస్తాం. వేలికి అంటకపోతే అప్పుడు మెరుగు పెట్టాలి. నొక్కిన చోటు మళ్ళీ చెరిపేస్తాం. నేను ఆ ఒక్కటీ చెరపలేదు. ఎవడూ వంగి చూడడులే, నాదని ఒక గుర్తుంటుందిలే అనుకున్నా. మీ సారు పొట్ట మీద పాకుతాడని కలగన్నానా." వేలు చూపించింది. "పన్నెండేళ్ళప్పుడు తాపీ దిగింది. కత్తి అని రాశావటగా."

నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ళుగా నా రాతలు చూసి నేనే నవ్వుకుంటూ వచ్చినవాణ్ణి, ఆ పూట నవ్వలేకపోయాను. నా సొంత పెద్దమ్మ చేసిన పనిని నా చేత్తోనే ఎవడో పుట్టని మహాశిల్పికి రాసిచ్చేశాను.

"ఇప్పుడే వెళ్ళి చెప్తాను" అన్నాను.

"ఏమని? నలభై రెండేళ్ళదనా? అప్పుడేం రంగు వేస్తారు?"

ఎర్ర గుర్తు వేస్తారు. సాయంత్రానికల్లా గీకేస్తారు.

"మేం చేసిన గోడలు ఎన్ని మిగిలాయనుకున్నావు? సినిమా హాలు పడగొట్టారు. ఆసుపత్రి వసారా పడగొట్టారు. పెద్దబజారు మేడలు రెండూ పోయాయి. అవన్నీ ఆయనవే, పోతే పోయాయి. మొదటి నుంచి చివరి దాకా నా చేత్తో చేసింది ఇదొక్కటి. పేరు నాదంటే గోడ పోతుంది. గోడ ఉండాలంటే ఆ మహాశిల్పి పేరుండాలి. ఉండనీరా. మొగుడికిచ్చినదాన్ని వీడికివ్వలేనా. వీడు తాగి ఇంటికి రాడు కూడాను."

మాటకైతే అలా అంది గానీ, అంత తేలిగ్గా ఇచ్చేసిందేం కాదు. భూతద్దం గారు సందర్శకుల్ని వెంటేసుకొచ్చి ఆ మహాశిల్పి ఏకాంతం గురించీ, తపస్సు గురించీ చెప్పినప్పుడల్లా వెనక పెరట్లో సున్నం దంచే చప్పుడు రెండింతలయ్యేది. ఒకసారి ఆయన, "ఇలాంటి పని చెయ్యాలంటే ఇంటి బాదరబందీలేవీ ఉండకూడదు" అన్నారు. పెరట్లో రోకలి విరిగింది.

ప్రారంభోత్సవానికి ఎనిమిది రోజులుందనగా ఇత్తడి పలక వచ్చింది. ఎడమచేతి మహాశిల్పి గురించి నేను రాసిన పద్నాలుగు పంక్తులు అందులో చెక్కించారు. దాన్ని కిటికీ పక్కన బిగించాలని కాంట్రాక్టరు గోడకి డ్రిల్లు పెట్టాడు. గోడ గుండె అదిరింది. తీగ లోంచి మూడు ఆకులు రాలి నేల మీద పడి పిండయ్యాయి. రెండు వందలేళ్ళ పనిని రెండు వందలేళ్ళ పని అని చెప్పే పలకే పడగొట్టింది.

భూతద్దం గారు నేల మీద చతికిలబడ్డారు. దూరపు ఊళ్ళో ఉన్న పెద్ద నిపుణుడికి ఫోన్ చేస్తే, వచ్చే ఏడాది వానలు తగ్గాక చూద్దామన్నాడు. అప్పుడు పెద్దమ్మ సున్నం చేతులతోనే లోపలికొచ్చింది.

"నేను వేస్తాను సార్."

"ఇది గోడకి వెల్ల కొట్టడం కాదమ్మా."

"కాదు సార్."

"ఆ మహాశిల్పి చేతివాటం పట్టుకోవాలి."

"పట్టుకుంటా సార్."

"ఆయనది ఎడమ చెయ్యి."

"నాదీ ఎడమే సార్."

"మన అదృష్టం" అన్నారు భూతద్దం గారు, ఊపిరి పీల్చుకుని.

రెండు మధ్యాహ్నాలు పట్టింది. పరంజా ఎక్కడానికి ఇద్దరు పట్టుకోవాల్సొచ్చింది గానీ, తాపీ చేతిలోకొచ్చాక చెయ్యి తడబడలేదు. కాంట్రాక్టరు, కూలీలు, మా ఆఫీసువాళ్ళు అంతా పని మానుకుని కింద నిలబడి చూశారు. నలభై రెండేళ్ళ కింద ఇల్లంతా నిద్రపోతుంటే చేసిన పని, ఇప్పుడు అందరూ మేలుకుని చూస్తుండగా చేసింది. చెవుల వెనక దాకా ఎర్రబడిన ఆవిడ మొహం చూసి నాకు చెప్పలేనంత సంతోషమేసింది. మూడో ఆకు అయ్యాక బొటనవేలు నొక్కి చూసుకుంది. మెరుగు పెట్టింది. నొక్కిన చోటు మాత్రం వదిలేసింది.

"పెద్దమ్మా, చెరిపెయ్" అన్నాను కింద నుంచి, పెదాలు కదపకుండా.

విననట్టు దిగొచ్చింది.

భూతద్దం గారు నిచ్చెనెక్కి ఆకులు పరీక్షించారు. ముద్ర దగ్గర ఆగారు. దిగొచ్చి పోస్టరు ముందు నిలబడ్డారు. మళ్ళీ ఎక్కారు. మళ్ళీ దిగారు. మూడోసారీ ఎక్కారు. ఎర్ర రంగు డబ్బా ఆ మూలనే ఉంది. అయిపోయింది, గోడ పోయింది అనుకున్నాను. పెద్దమ్మ మాత్రం ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది. చెరపకుండా వదిలింది ఈ చూపు కోసమేనని అప్పుడర్థమైంది. గోడ పోయినా సరే, ఒక్కడికైనా తెలియాలని ఆ క్షణంలో ఆవిడకి ఉంది.

"ఏమమ్మా, ఆఖరికి ఆ గాటు కూడా దించావే" అన్నారాయన.

"దానంతటదే వచ్చేసింది సార్."

"అనుకరణలో గట్టిదానివే. కానీ అసలు దానిలో ఒక లోతుంది చూడు. అది నీకు రాలేదు."

పెద్దమ్మ కాసేపు ఆయన్నే చూసింది. తరవాత చూపు దించుకుంది. "వయసైపోయింది కద సార్" అంది.

ఆయన నావైపు తిరిగారు. కొత్త మరమ్మతుని పాతదనుకుని రేపటి తరాలు మోసపోకూడదట. రూలు ప్రకారం మరమ్మతు చేసినవాళ్ళ పేరుతో పక్కన పలక ఉండాలట. "మూడు ఆకులేగా, చిన్నది రాయించు, చాలు" అని వెళ్ళిపోయారు.

పలక రాయాలంటే పేరు కావాలి. పెద్దమ్మ అనీ, మేస్త్రీ పెళ్ళామనీ, ముసలమ్మ అనీ పిలవడమే తప్ప, నాకే ఆవిడ పేరు తడుముకుంటే గాని గుర్తు రాలేదు. అడిగితే చెప్పింది. ఇంటిపేరు పుట్టింటిది వెయ్యనా, అత్తింటిది వెయ్యనా అన్నాను.

"ఏదీ వద్దు. ఆ గోడ ఎక్కినప్పుడు నా వెనక ఎవరూ లేరు" అంది.

ఆ రోజు నా గుండ్రటి దస్తూరీతో రెండే పంక్తులు రాశాను. పైన, "ఈ తీగ ఆకులు వేసినవారు" అని. కింద ఆవిడ పేరు, పేరు పక్కన గార మేస్త్రీ అని. ఎన్ని ఆకులో రాయలేదు. సర్టిఫికెట్ లేకుండా మేస్త్రీ అని రాయకూడదని తెలుసు, అయినా రాశాను. భూతద్దం గారు కళ్ళు కాపాడుకుంటూ సంతకం చేశారు. పలక ఎక్కడ పెట్టాలో ఆయన చెప్పలేదు కాబట్టి తీగ మొదట్లో, పాత ముద్ర ఉన్న కింది ఆకు పక్కన పెట్టించాను. పదకొండేళ్ళలో నేను రాసిన చరిత్రంతా ఒక ఎత్తు, ఆ రెండు పంక్తులు ఒక ఎత్తు.

ప్రారంభోత్సవం నాడు పెద్దమనుషులంతా తలలెత్తి, కిటికీ పక్కన ఇత్తడి పలక చదివి ఫొటోలు దిగి వెళ్ళారు. జనం పలచబడ్డాక పెద్దమ్మ వచ్చింది. గోడ ముట్టుకోకుండా అడ్డం కట్టిన తాడు కింద నుంచి దూరి, గోడ పట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని చిన్న పలక చదివింది. చాలాసేపు చదివింది. ఉన్నవి రెండు పంక్తులే.

"ఎన్ని ఆకులో రాయలేదేంరా?"

"మర్చిపోయాను పెద్దమ్మా."

"నీకది మామూలేగా. ధాన్యాన్ని గానుగలో ఆడించినవాడివి" అంది. నా పుస్తకం తొమ్మిదో పేజీ దాకా చదివిన మనిషి ఈ లోకంలో ఒకరున్నారని అప్పుడు తెలిసింది. ఆవిడ నవ్వుతూనే ఉంది, కళ్ళు మాత్రం తుడుచుకుంటోంది. తరవాత వంగి, కింది ఆకు అడుగున ఉన్న పాత ముద్రలో బొటనవేలు ఆనించింది. సరిగ్గా పట్టింది.

తలుపు దగ్గరున్న కాపలా మనిషి కేకేశాడు. "ముట్టుకోకూడదమ్మా, అది చాలా పాతది."

"ఆరిందో లేదో చూస్తున్నా బాబూ" అంది పెద్దమ్మ.